బ్యానర్లు కుట్టిన పెద్దమ్మ

మా పక్కగది పెద్దమ్మ మొన్న పోయింది. ప్రశాంతంగా పోయిందని ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. నేను నమ్మను. ఆమె దేనికీ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

పాలమూరు నుంచి ఇళ్ళు కట్టే కూలిపనికి కామాటిపుర వచ్చిన కుటుంబం ఆమెది. వరసగా ఒంటిగదులున్న మా పాత మేడ, ఆ చాల్‌లో అందరికీ పెద్దమ్మే. నల్లా దగ్గర వరస తప్పితే ఎవరి బిందె అయినా సరే, తీసి పక్కన పెట్టేసేది.

మిల్లులు మూతపడ్డాక వచ్చిన వానాకాలంలో మా చాల్ వెనక భాగం కూలింది. ప్రాణాలు దక్కాయి కానీ, అందరం సామానుతో ఫుట్‌పాత్ మీద పడ్డాం. సాయానికి యువక మండళ్ళు, కుల సంఘాలు, కార్మిక యూనియన్ అన్నీ వచ్చాయి. అందరూ మధ్యాహ్నానికి కిచిడీయే వండుకొచ్చారు. రాత్రికి మెతుకు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. పైగా ఎవరి బ్యానర్ ముందుండాలని కొట్లాట!

పెద్దమ్మ కొంగు బిగించి మధ్యలోకి వచ్చింది. "ఒక్కటే పొయ్యి పెడ్తం. యూనియనోళ్ళు నీళ్ళు తెండ్రి. మండలోళ్ళు రాత్రి బువ్వ సూస్కోండ్రి. గా బ్యానర్లన్ని నాకియ్యుండ్రి."

"బ్యానర్లెందుకు పెద్దమ్మా?"

"పోరగాండ్లు తడుస్తున్నరు గదరా!"

ఒకరి మొహం ఒకరు చూడని సంఘాల గుడ్డలన్నీ గోనెసూదితో కలిపి కుట్టేసింది. మీద ప్లాస్టిక్ కాగితం పరిచి కప్పు వేశాం.

తర్వాత మున్సిపల్ ఆఫీసు లారీ వచ్చింది, వెంట ఒక అధికారి. మమ్మల్ని ఎక్కడో ఊరవతల క్యాంపుకు తోలుతారట. అంతకుముందు మా గల్లీ నుంచి అలా వెళ్ళినవాళ్ళెవరికీ గది తిరిగి దక్కలేదు. "మా ఖోలీలు మాకిస్తమనేదాంక కదలం" అని పెద్దమ్మ బైఠాయించింది. అధికారి కప్పు పీకెయ్యమన్నాడు. అంతే, అన్ని సంఘాలూ పరుగెత్తుకొచ్చాయి. మా పేరు మీద చెయ్యి వేస్తారా అని ఒకటే కేకలు. ఆమె కావాలనే అలా కుట్టిందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ గదులు మాకు దక్కాయి. ఇది రాస్తున్నది అందులో కూర్చునే. అంతా ఆమె చలవే.

ఆ రోజు అధికారి కోపంగా ఇక్కడ లీడర్ ఎవరని అడిగాడు. "ఊపర్ దేఖో సాబ్" అని పైన కప్పు చూపిస్తూ మొదలుపెట్టి పెద్దమ్మ తెలుగులోకి దిగింది. "అందరి పేర్లున్నయి. నీ ఆఫీసుదొక్కటే లేదు. తెస్తే దాన్ని గూడ కుడ్త. ఓ మూల ఇంక కారుతున్నది."

ఎవరో ఆయనకు హిందీలో చెప్పారు. ఆయన లారీని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ఇంతలో వాన పెరిగింది. ఆయన అటూ ఇటూ చూసి, తల వంచుకుని మా కప్పు కిందికే వచ్చాడు. పెద్దమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.