సర్వీసు కాగితంలో నేను రాసిన కారణం

కరీంనగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. ఆసిఫాబాద్ దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో సర్వర్ ఆగిపోయిందని ఫోన్ వస్తే నన్ను పంపారు. అప్పటికి నాకు ఈ పనిలో నాలుగేళ్ల అనుభవం, నలభై ఏళ్ల గర్వం ఉన్నాయి.

ఆ సర్వర్‌ను చూసుకునే ఆపరేటర్ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బొగ్గుబావి కార్మికుడి కొడుకు, బొగ్గు కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాడు. నేను ఆయన్ని ‘అన్నా’ అంటే ఆయన నన్ను ‘సార్’ అనేవాడు. గదిలో కాలు పెట్టగానే చెప్పాడు. “పొద్దుగాల కరెంటు పోయింది సార్. యూపీఎస్ గూడ పనిచెయ్యలే. మళ్లొచ్చినంక గిది లేస్తలేదు. ఇది లేవకుంటే సేటు నన్ను ఉంచడు.”

మానిటర్ పెట్టి చూస్తే తెర నల్లగా ఉంది. అలాంటప్పుడు లాప్‌టాప్ నుంచి సర్వర్ వెనక పోర్టుకు సీరియల్ కేబుల్ తగిలించి, సర్వర్ ఏమంటోందో అక్షరాల్లో చదువుతాం. అయితే రెండువైపులా ఒకే వేగం ఉండాలి. కలవకపోతే పిచ్చి గీతలు తప్ప ఏమీ రావు. మా కంపెనీలో అందరం వేగం తొమ్మిదివేల ఆరువందలే పెట్టేవాళ్లం. నేనూ అదే పెట్టాను. పిచ్చి గీతలే వచ్చాయి.

వేగం మార్చి చూడటం రెండు నిమిషాల పని. ఎన్నోసార్లు చేసిందే. ఆరోజు మాత్రం నా ధ్యాసంతా నాలుగు గంటల మంచిర్యాల బస్సు మీద ఉంది. బోర్డు పోయిందని, సర్వర్‌ను ఆఫీసుకు తీసుకెళ్లాలని తేల్చేశాను.

“జర ఇంకోసారి చూడుండ్రి సార్. గీతలన్న వస్తున్నయి గదా” అన్నాడాయన. నాకంటే ఆయనే సరిగ్గా ఆలోచించాడు. చచ్చిన బోర్డు గీతలు కూడా పంపదు. కానీ ఆపరేటర్ నాకు పని నేర్పుతున్నాడా అని ఒళ్లు మండింది. కేబుల్ పీకేశాను.

పని ముగిశాక సర్వీసు కాగితం రాయాలి. అందులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. కరెంటు అని రాస్తే, యూపీఎస్ పెట్టింది మీరే కదా అని మిల్లువాళ్లు మా మీద పడతారు. అందుకే మేమంతా ‘ఆపరేటర్ సరిగా ఆపలేదు’ అని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి పడేసేవాళ్లం. దాని కింద సంతకం పెట్టాల్సింది కూడా ఆపరేటరే. ఆయనకు చదవడం రాక కాదు, చదవలేదు. “మీరు రాసిండ్రు గదా సార్” అని సంతకం చేసి, సర్వర్‌ను తనే మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు.

మర్నాడు ఆఫీసులో మా సీనియర్ మేడం వేగం మార్చింది. తెర మీద ఒక్క ప్రశ్న శుభ్రంగా కనిపించింది. డిస్కు సరిచేయమంటారా, అవునా, కాదా? మిల్లులో ఆ పిచ్చి గీతల్లో సర్వర్ నన్ను అడిగిందీ అదే. ఆమె అవునని నొక్కింది. అరగంటలో సర్వర్ లేచింది.

“అక్కడ్నే స్పీడు మార్చి చూస్తే అయిపోతుండె గదా తమ్ముడు” అందామె.

సర్వర్‌ను మిల్లులో తిరిగి పెట్టడానికి వెళ్లిన మరో ఇంజనీరు తిరిగొచ్చి చెప్పాడు. నా కాగితం చూసి సేటు ఆ ఆపరేటర్‌ను అప్పటికే తీసేశాడట. కారణం తప్పుగా రాశానని ఒక్క ఉత్తరం పంపితే సరిపోయేది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అని కూడా అనుకోలేదు, అంత మంచివాణ్నేం కాదు. నా పేరు పోతుందని భయపడ్డాను. ఆ భయానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఏడాది తర్వాత పనిమీద వెళ్తే, సుల్తానాబాద్‌లో ఒక రైసుమిల్లు కాంటా దగ్గర ఆ ఆపరేటర్ కనిపించాడు. లారీల బరువు చూసి చీటీలు రాస్తున్నాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

“గా సర్వర్ మంచిగైందా సార్?”

“అయిందన్నా.”

“మంచిగాయె. ఇన్నేండ్లల్ల ఎన్నడు తప్పు చెయ్యలే సార్. గా దినం పరేషాన్ల ఏ బటన్ నొక్కిన్నో ఏమో. మీరు గట్ల రాసిండ్రని తెలిసినంక, నొక్కినట్టు నాకే యాదికొచ్చింది. ఇంట్ల గూడ చెప్పిన, తప్పు నాదేనని.”

మీరేం నొక్కలేదన్నా అనడానికి నోరు తెరిచాను. బయట లారీ హారన్ కొట్టింది. ఇప్పుడే వస్తానని ఆయన చీటీల పుస్తకం తీసుకుని వెళ్లాడు. తిరిగి వచ్చేలోపే నేను లేచి వచ్చేశాను.