సుడి ఉన్న దూడ

మా పాప ఫోన్లో గుర్రాల్ని పెంచే ఆట ఆడతా ఉంటే నాకు మా పక్కూరు ఐరాలలోని నెట్ సెంటర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేనూ ఆడ ఇట్లాంటి ఆటే ఆడేదాన్ని. పుట్టిన గుర్రప్పిల్లకు మార్కులు తక్కువొస్తే వదిలేసే బటన్ నొక్కేదాన్ని. అది ఏ పచ్చికలోకో పోయి మేస్తుందనుకునేదాన్ని.

నేను ఆ ఆట ఆడే ఏడే మా ఆవు ఈనింది. దూడ వెన్నుమీద వెంట్రుకల సుడి చూసి నాయన దిగులుపడినాడు.

"ఇంటికి అచ్చిరాని సుడి ఇది. ఏం చేద్దాం?" అని నన్నడిగినాడు.

"వదిలేద్దాం నాయనా. యాడన్నా మేస్తాది" అన్నాను.

నాయన దాన్ని సంతకు తోలుకుపోయినాడు. ఆవు మూడు దినాలు అరిచింది. దూడను ఎవరు కొన్నారని నేను ఇప్పటిదాకా నాయనను అడగలేదు.

"అమ్మా, దీనికి మార్కులు తక్కువ. వదిలేసేదా?" అనింది పాప.

"యాడికి పోతాదో ముందు కనుక్కో" అన్నాను.