కొలబల్లకి నకలు

నాన్న బట్టల కొట్టులోని కొలబల్లకి నకలు చేయించి, అదే అసలుదని ఒక ఆర్టిస్టుకి అమ్మాను. తెనాలి బజారులో పెరిగినదాన్ని, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

ఆమెది బాపట్ల. మూతపడిన కొట్ల సామాను తెచ్చి, కొట్టులాగే అమర్చి చూపించే ఇన్‌స్టలేషన్ పెడుతోంది. నాన్న నలభయ్యేళ్లు ఎడమ మోచెయ్యి ఆనించి గుడ్డ కొలిచిన చోట బల్ల గుంటపడింది. ఆ బల్లే కావాలంది. ఆరు వేలంటే తొమ్మిదికి లాగాను. రేపల్లెలో ఒక వడ్రంగి పాత తలుపు చెక్కతో అచ్చం అలాంటిది నాలుగు వేలకి చేశాడు. గుంటకి నా మోచెయ్యే కొలత తీసుకున్నాడు. నాన్న పోయి మూడేళ్లు, ఆయన చెయ్యి ఎక్కణ్ణించి తేను?

అసలుది ఇంట్లో దుప్పటి కింద దాచాను. నాన్న తగులుతాడేమోనని రోజూ గుంటలో చెయ్యి పెట్టేదాన్ని. చెక్కే తగిలేది.

లోలోపల నవ్వుకుందామని ప్రదర్శనకి వెళ్లాను. ధాన్యం గోదాములో తెల్ల పరుపు, నా నకలు బల్ల, ఒక గుడ్డ తాను. చూడవచ్చినవాళ్లే అమ్మాలి, వాళ్లే కొనాలి. ఎవరూ కూర్చోకపోతే అక్కడ చూడటానికేమీ లేదు. నాన్న దగ్గర బట్టలు కొన్న పిట్టలవానిపాలెం పెద్దావిడ నన్ను పోల్చుకుంది.

"ఏంటమ్మాయ్, అట్టా నిలబడ్డావ్? కూర్చో. జాకెట్టు గుడ్డ కొలువు."

కొలిచి కత్తెర అందుకున్నాను.

"ఆగాగు! మీ నాన్న బెత్తెడు కొసరు వదలకుండా ఏనాడన్నా కోశాడా? ఎవరి పోలికే నీకీ పీనాసితనం?"

బెత్తెడు జరిపాను. మోచెయ్యి గుంటలో కుదురుకుంది. "ఇంకో రెండు వేళ్లు వదులు" అని నాన్న వెనకనుంచి అంటాడని ఆగాను. అనలేదు. కళ్లు తుడుచుకుని కోశాను.

ఆర్టిస్టు దగ్గరికి వెళ్లి చెప్పేశాను. "ఇది నకలండీ."

ఆమె బల్లకేసి చూసింది, నాకేసి చూసింది. "మీరిందాక ఏడ్చింది దీని ముందే కదండీ. ఉండనివ్వండి. డబ్బులు మాత్రం వెనక్కివ్వండి."

"అసలుది కావాలా?" అన్నాను, కాదంటే బాగుండునని.

"మీకే కావాలి" అంది.

తొమ్మిది వేలూ ఇచ్చేశాను. వడ్రంగికి నాలుగు వేలు. పెద్దావిడ దగ్గర తీసుకోబుద్ధి కాక నేనే కట్టిన గుడ్డ ఖరీదు నూట ఇరవై. బస్సులకి రెండొందలు. మొత్తం ఖర్చు నాలుగు వేల మూడొందల ఇరవై. రాబడి, ఆ కాసేపు కూర్చోవడం. బెంగలో మాత్రం పైసా తగ్గలేదు.