ఆల్ఫా మాస్టారి పక్క సీటు

మా కెమిస్ట్రీ మాస్టారికి ఒకటే పిచ్చి. దేన్ని చూపించినా దాని సంగతి వదిలేసి, పక్కన ఏముందని అడిగేవారు.

తప్పంతా కీటోన్లది. కార్బన్, ఆక్సిజన్ రెండు చేతులూ పట్టుకుని కూర్చునే జంట ఒకటి వాటిలో ఉంటుంది. ఆ జంటను ఆనుకున్న కార్బన్ పేరు ఆల్ఫా. మామూలు కార్బన్ తన హైడ్రోజన్‌ని చచ్చినా వదలదు. ఆల్ఫా మాత్రం కాస్త క్షారం తగిలితే వదిలేసి ఎనోలేట్ అయిపోతుంది. అది పోయాక మీదపడ్డ రుణావేశపు భారాన్ని పక్కనున్న జంట పంచుకుంటుంది కనుక.

"చూశార్రా, అంతా పక్కవాడి చలవ!" అని బల్ల చరిచేవారు. బల్లకు అక్కడ రంగు పోయింది. ఆయనకు ఆల్ఫా మాస్టారనే పేరొచ్చింది.

ఓసారి పంటినొప్పితో డాక్టరు దగ్గరికెళ్లారు.

"ఏ పన్నండీ?"

"అది తర్వాత. ముందు దాని పక్కపన్ను చూడండి."

చూస్తే పుచ్చింది నిజంగా పక్కదే! ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు గంటసేపు మా అక్కతోనే మాట్లాడారురా. ఇంత ఓపికైన అక్క పక్కన పెరిగిన పిల్ల మంచిదే అయ్యుంటుందని నన్ను చేసుకున్నారు" అని వాళ్లావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ఇద్దరిద్దరం కలిసి చెయ్యాలి. మా క్లాసులో మౌని అని మేం పిలిచే అమ్మాయి ఉండేది. అన్నీ వచ్చు, గొంతు మాత్రం బల్ల దాటదు. నోటి ప్రశ్నల్లో ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే చదువు మాన్పిస్తామన్నారు ఇంట్లో. నాకు గొంతుకు లోటు లేదు. లోటల్లా జవాబులకే.

పరీక్ష రోజు పొద్దున్నే మాస్టారు నన్ను నా స్నేహితుడి పక్కనుంచి లేపి, మౌని పక్కన పడేశారు.

"ఇదేం అన్యాయమండీ!"

"నోర్మూసుకుని కూర్చోరా. కాదు, నోరు తెరుచుకునే కూర్చో."

బెంజాల్డిహైడ్, అసిటోన్ కలిపి క్షారంలో చుక్క చుక్కా వేసింది మౌని. పసుపుపచ్చ స్ఫటికాలు ముద్దుగా దిగాయి. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు అడిగింది:

"ఈ రెండింట్లో ఎనోలేట్ అయ్యేది ఏదమ్మా?"

మౌని పెదవులు కదిలాయి. మాట రాలేదు. నేనే అందుకున్నాను.

"బెంజాల్డిహైడండీ!"

"ఎందుకు?"

"పేరు పెద్దది కదండీ..."

"కాదు!"

గది దద్దరిల్లింది. ఎవరా అని చూస్తే మౌని!

"దానికసలు ఆల్ఫా హైడ్రోజనే లేదు. ఎలా అవుతుందీ? అసిటోనండీ! అదే ఎనోలేటై వెళ్లి బెంజాల్డిహైడ్‌ని పట్టుకుంటుంది."

ఇంకో మూడు ప్రశ్నలు. మూడింటికీ నేను మనస్ఫూర్తిగా తప్పు చెప్పాను. చివరిదానికి మౌని నన్ను మోచేత్తో నెట్టి మరీ జవాబిచ్చింది.

తర్వాత గాజుసామాను కడుగుతూ మాస్టారిని నిలదీశాను.

"నన్నే ఎందుకు వేశారండీ అక్కడ?"

"ఆ పిల్లకి భయం ఎంతున్నా, తప్పు వింటే ఊరుకోలేదురా. రెండు నెలలు చూశాను. నీ అంత ధైర్యంగా తప్పు చెప్పేవాడు ఇంకోడు దొరకలేదు."

"మరి నా గతేంటండీ?"

"నాలుగు జవాబులు విన్నావుగా. మూడేళ్లలో ఎప్పుడైనా విన్నావా?"

ఆమె ఫస్టు క్లాసులో పాసయింది. నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఇప్పుడు ఆమె అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొన్న ఫోన్ చేసింది.

"మావాళ్లకి వైవా అలవాటు చేయిస్తున్నా. నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది. కాసేపొచ్చి పక్కన కూర్చుంటావా?"

"ఏమైనా చదువుకుని రానా?"

"ఖబడ్దార్! ఒక్క ముక్క చదివావంటే ఊరుకోను."