రెండు గడువుల వీసా: కేతేపల్లి నుంచి శంషాబాద్ దాకా

మా బావ ఐలయ్య షార్జాలో గొర్రెల మండీలో పనిచేస్తాడు. ఊళ్లో గొర్రెలు కాసిన మనిషికి అక్కడా అదే పని దొరికింది. వానాకాలంలో ఆయన ఎడమ పాదానికి పుండు పడింది. షుగర్ ఉండటంతో మానలేదు. ఒకసారి వచ్చి చూసిపొమ్మని మా అక్క సత్తెమ్మకు విజిట్ వీసా తీయించి పంపాడు. ఆమెకు తెలుగు తప్ప మరో మాట రాదు కాబట్టి తోడుగా నాకూ ఒకటి తీయించాడు. ఈ ప్రయాణం అలా మొదలైంది. మొదలైందని మేమనుకున్నాం.

వీసాలు వచ్చేనాటికి మూఢం నడుస్తోంది. మూఢంలో మా ఇంట్లో ఎవరూ దూరప్రయాణం పెట్టుకోరు. అది పోయాక మంచిరోజు దొరికింది గానీ, అప్పటికి చేనంతా పత్తి పగిలి ఉంది. ఇలాంటప్పటికి మా వైపు ఒక పద్ధతి ఉంది. మనిషి కదలలేకపోతే మంచి గడియలో సంచి కట్టి పక్కింట్లో పెడతారు. సంచి గడప దాటితే పయనం అయినట్టే. తర్వాత మనిషి ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. అలా మా ఇద్దరి సంచులు ఎదురింటి యాదమ్మ ఇంట్లో పెట్టాం. వీసా మీద అరవై రోజులని ఉంది. ఆ అరవై రోజుల్ని ఇంటిల్లిపాదీ సంచి పెట్టిన రోజు నుంచి లెక్కేసుకున్నాం. పత్తి ఏరడం అయ్యాక పోయినా అక్కడ ఉండటానికి చాలా రోజులు మిగులుతాయనుకున్నాం.

పత్తి అయ్యేలోపే పుండు ముదిరింది. మోకాలి కింద కాలు తీసేయాలని అక్కడి డాక్టర్లు చెప్పారు. బావ ఒప్పుకోలేదు. "సత్తెమ్మ రానీ. దాని మొఖం జూసినంకనే తియ్యనిస్త" అని ఫోన్లో అన్నాడు. విషం పైకి పాకుతోందని, ఇంకా ఆగితే మనిషి దక్కడని ఆయన గదిలో ఉండే నిజామాబాద్ అతను నాకు విడిగా చెప్పాడు. ఆ రోజే టికెట్లు తీశాం.

విమానం మధ్యాహ్నానికి. పొద్దున ఆరింటికి కారు ఇంటి ముందుకు వచ్చింది. యాదమ్మ సంచులు తెచ్చి డిక్కీలో పెట్టింది. "పోయిరా వదినె. ఇంకో నెలుంటే నీ సంచికి మా ఇంట్ల రేషన్ కార్డు రాపిద్దుమనుకున్న" అంది. అక్క నవ్వలేదు. "గొర్లను జర సూడు" అని కారెక్కింది.

కేతేపల్లి నుంచి బస్సులో కూడా పోవచ్చు. సూర్యాపేట నుంచి వచ్చే బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగితే అక్కడ ఎయిర్‌పోర్టు బస్సులు దొరుకుతాయి. సామాను ఎక్కువుంటే కారు మేలు. మాకు కిరాయి నాలుగు వేలు పడింది. నకిరేకల్, చిట్యాల, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే మొత్తం మూడు గంటలు. ఆ రోజు నార్కట్‌పల్లి దాకా పొగమంచు ఉంది. లారీల వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. చౌటుప్పల్ దగ్గర టిఫిన్‌కు ఆగాం. అక్క ప్లేటు ముట్టలేదు.

"తిను అక్కా. ఇమానంల పెట్టేది మనకు మింగుడు వడదట" అన్నాడు డ్రైవర్ మల్లేశం.

"కాలు తీసినంక మనిషి గొర్లెన్క తిరుగుతడా మల్లేశం?"

మల్లేశం తుంచిన ఇడ్లీ ముక్క చేతిలోనే ఉంచుకున్నాడు. "మా మామ కట్టెకాలు పెట్టుకొని ట్రాక్టర్ నడుపుతడక్కా" అన్నాడు. అలాంటి మామ అతనికి ఉన్నాడో లేడో నేనడగలేదు. అక్క ఒక ఇడ్లీ తింది.

శంషాబాద్‌లో మమ్మల్ని దింపి మల్లేశం వెళ్లిపోయాడు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా వీసాలు చూసి, లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చింది.

"వీటితో పంపలేమండీ. మొన్నటితో గడువు అయిపోయింది."

"ఇంకా దినాలున్నయి గదా మేడం" అన్నాను.

ఆమె కాగితం మా వైపు తిప్పి రెండు వరుసలు చూపించింది. "ఈ అరవై రోజులు వీసా ఇచ్చిన తేదీ నుంచి. ఆలోపు మీరు ఆ దేశంలో అడుగు పెట్టాలి. కింద ఉన్న ముప్పై రోజులు అక్కడ దిగిన రోజు నుంచి. ఉండనిచ్చేది అంతే."

"మేం ఎప్పుడో బయలెల్లినం బిడ్డా. సంచి పెట్టినం" అంది అక్క.

"ఏ సంచి అండీ?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. నేను కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

బావకు ఈ వీసాలు తీసిచ్చిన ఏజెంటుకు ఫోన్ చేస్తే, కొత్తవి రావడానికి ఎంత లేదన్నా అయిదారు రోజులు పడుతుందన్నాడు. బయటకొచ్చి ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. కాసేపటికి బావే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి అక్కకు ఇచ్చాను.

"ఇమానం ఎక్కిండ్రా?"

"లేదు. ఎక్కనియ్యలే. తారీఖు దాటిందట."

"గట్లయితే నువ్వచ్చేదాకా ఆగుత" అన్నాడు బావ.

వీడియో పెడతాను, ముఖమైనా చూస్తాడని నేను చేయి చాపాను. అక్క నా చేయి తోసేసింది. "వద్దు. ఫోన్ల నన్ను జూస్తె ఆశ పుట్టి ఇంకింత ఆగుతడు" అని, ఫోన్ దగ్గరికి పెట్టుకుంది. "నా కోసం ఆగకు. తీపియ్యి. కాలు లేకున్నా నిన్ను జూస్త. నువ్వే లేకుంటె ఎవల్ని సూడాలె? గిప్పుడే చెప్పు ఆల్లకు. నేను ఇంటుంట."

బావ హిందీలో ఎవరినో పిలిచి, కాలు తీసేయమన్నాడు. ఆ మాటలు అక్కకు అర్థం కాలేదు. అయినా ఫోన్ చెవి నుంచి తీయలేదు. "ఒప్పుకున్నడా?" అన్నట్టు నా వైపు చూసింది. తలూపాను. అప్పుడు పెట్టేసింది. ఎల్బీ నగర్‌కు వచ్చి బస్సెక్కాం. చీకటి పడేసరికి ఊళ్లో ఉన్నాం.

మర్నాడు కాలు తీసేశారు. కొత్త వీసాలు వచ్చాక మూఢం, మంచిరోజు ఎవరూ అడగలేదు. వెళ్లాం. అక్కడ దిగాక రెండో గడువు మొదలైంది. కుట్లకు చీము పట్టడంతో, బావను మాతో ఇంటికి పంపడానికి డాక్టర్లు ఒప్పుకోలేదు. మేం ముప్పై రోజులు దాటి ఉంటే జరిమానా అన్నారు. చివరి రోజు బావ మంచం మీద కూర్చునే, "పోండ్రి. మల్లా తారీఖు దాటుతది" అన్నాడు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. మా ఊళ్లో మనిషి కదలకుండానే పయనం అవుతుంది. అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర పడితేనే అవుతుంది. ఈ తేడా తెలియడానికి మా అక్క ఆయన పక్కన ఉండాల్సిన రోజు పోయింది.

వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను. వీసా చేతికి రాగానే, ఏ తేదీలోపు ఆ దేశంలో దిగాలో, దిగాక ఎన్ని రోజులు ఉండనిస్తారో విడివిడిగా అడిగి తెలుసుకోండి. ఒక్కో దేశానిది ఒక్కో తీరు. మంచిరోజు చూసుకునేవాళ్లు మొదటి తేదీ లోపలే చూసుకోండి.