చేపల మీద పుకారు, మైకులో నా గొంతు

తాడేపల్లిగూడెం స్టేషన్‌లో నా గొంతు వినకుండా రైలు కదిలేది కాదని ఏలూరులో అందరికీ చెప్పుకున్నాను. నిజానికి నాది పార్సిల్ ఆఫీసు. అనౌన్సర్‌కు జలుబు చేసినప్పుడు మాత్రం మైకు ముందు కూర్చునేవాణ్ణి. ఆ ఖ్యాతి నమ్మే, రిటైరై ఇంట్లో ఉన్న నా దగ్గరికి చేపల వ్యాపారుల సంఘం వాళ్లు వచ్చారు.

ఆకివీడు వైపు నుంచి వచ్చే చేపలు పాడవకుండా, శవాలకు వాడే మందు చల్లుతున్నారని ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. అధికారులు పరీక్ష చేసి అలాంటిదేమీ లేదన్నారు. ఆటోకు మైకు కట్టి ఆ సంగతి ఊరంతా చెప్పించాలని సంఘం నిర్ణయం. మాటలు వాళ్లవే: "శవాలకు వాడే మందు చేపలకు కలుపుతున్నారన్న వదంతులు నమ్మవద్దు." చివర నేనొక వాక్యం చేర్చాను: "నేను రోజూ కొల్లేటి చేపే తింటాను." ముళ్లకు భయపడి చేప మానేసి చాలా ఏళ్లయింది. కానీ వాక్యం గంభీరంగా వచ్చింది.

నా గొంతు కొల్లేటికోట దాకా వినిపించిందని ఇంట్లో చెప్పాను. మా పేట దాటి ఉండదు. అంతమాత్రానికే, మా వీధి చివర చేపల కూర మెస్ నడిపే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఆదివారం చర్చి వదిలాక ఆమె మెస్‌లో కుర్చీ దొరికేది కాదు.

"బాబాయిగారూ, మా దగ్గర తినేవాళ్లలో సగం మందికి ఆ వీడియో సంగతే తెలీదండీ. ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి మీ ఆటో వచ్చి శవాలంది. చేతులు కడుక్కుని వెళ్లిపోయారు."

"నమ్మవద్దనేగా అమ్మా చెప్పింది."

"వద్దన్నది ఎవరికి వినపడిందండీ? ఇంకో వారం ఇలాగే ఉంటే మెస్ మూసుకోవడమే."

సంఘం సెక్రటరీకి ఫోన్ చేశాను. మొన్నటి ప్రకటన పట్టించుకోవద్దని మళ్లీ ఆటో తిప్పుదామన్నాడు. ఆమె ఫోన్ అందుకుంది.

"మీరింకేం చెప్పకండి బాబూ. ఈయన నోరు నాక్కావాలి, కాసేపు తినడానికి." నా వైపు తిరిగింది. "రోజూ తింటానన్నారుగా. రేపట్నుంచి మధ్యాహ్నం మా వాకిలి పక్క బల్ల దగ్గర కూర్చుని తినండి. జనం చూస్తారు."

కూర్చున్నాను. శీలావతి పులుసు. ముల్లు ముల్లూ ఏరుకుంటుంటే, దారిన పోయేవాళ్లు నా గొంతు వంక చూస్తూ పోయారు.

"ఇంకా ఉన్నారా మాస్టారూ?" అన్నాడొకడు.

"ఉన్నానండీ, ప్రస్తుతానికి."

మూడో నాడు, అంతకుముందు అక్కడే తినే ఆర్టీసీ కండక్టర్, తన డ్రైవర్‌తో వచ్చి గుమ్మం బయటే ఆగాడు.

"మైకులో మీరేనటగా. నిజంగా రోజూ తింటారాండీ?"

ఆమె గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. పుట్టినప్పటి నుంచీ తింటున్నానన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"లేదండీ. మొన్నటి నుంచే."

"అంతకుముందు మందుకి భయమా?"

"ముళ్లకండీ."

అతను డ్రైవర్ వంక చూశాడు. ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికి వచ్చి రెండు భోజనాలు చెప్పారు. వాళ్లు తింటుండగా బయట ఇంకో నలుగురు చెప్పులు విడిచారు.

"బాబాయిగారూ, కంచం పట్టుకుని వంటింట్లోకి రండి. ఆ బల్ల కావాలి," అందామె.

లేచాను. ఇంకాస్త పులుసు పోయమన్నాను.

"ముందు వాళ్లకండీ," అంది.