నాలుగింటికి రమ్మన్నారు

"నీ మేనత్తనే ఆమె! గేటు కాడ్నుంచే ఎల్లగొడ్తవా?"

"ఎల్లగొట్టలేదమ్మా. మీటింగుల ఉన్న. గేటు నుంచి అడిగిన్రు. ఇప్పుడు కుదరదు, నాలుగింటికి రమ్మనమని చెప్పిన. అంతే."

"నాలుగింటిదాంక యాడ కూసోవాలె ముసల్ది? రోడ్డు మీదనా?"

"ఒక్క ఫోన్ కొట్టి వస్తే ఏం పోతుండె?"

"మేనకోడలింటికి ఫోన్ కొట్టి వస్తరా ఎవరన్న? జర సోంచాయించి మాట్లాడు."

"హాలండ్‌ల అందరు గట్లనే వస్తరు. నువ్వు చూడలేదా? చెప్పకుండ వచ్చుడే ఆడ తప్పు."

"గది హాలండ్. గిది పుప్పాలగూడ!"

నా కూతురు ఒప్పుకోలేదు. తను చేసిన తప్పేమిటో ఆమెకు నిజంగానే తెలియలేదు. పొగరుతో చేసి ఉంటే నాలుగు చీవాట్లు పెట్టి సరిచేసేదాన్ని. ఆమె మర్యాదగానే చేశాననుకుంది.

ఆ పొద్దున మా వదినె వచ్చిన వేళకు నేను వంటింట్లో కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మా అపార్ట్‌మెంటులో ఎవరు వచ్చినా ముందు కూతురి ఫోను మోగుతుంది. రమ్మనాలో వద్దో ఆమే చెప్పాలి. నాకు ఏ మోతా వినబడలేదు. సాయంత్రం కొత్తిమీర కోసం కిందికి దిగితే గేటు మనిషి ఒక స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చాడు.

"పొద్దుగాల ఒక పెద్దమ్మ వచ్చింది. చందానగర్ నుంచి అంట. మేడమ్ నాలుగింటికి రమ్మన్నరని చెప్పిన. జరసేపు ఆ గోడ నీడకు నిలబడి, ఇది మీకియ్యమని పోయింది."

డబ్బాలో సర్వపిండి, పల్లీలు వేసి తట్టిన బియ్యప్పిండి రొట్టె. చల్లారి అట్టలా బిగుసుకుపోయింది.

కూతురు అల్లుడి ఉద్యోగం మీద హాలండ్‌లో రెండేళ్లు ఉండి వచ్చింది. వీసా ఉన్నన్నాళ్లు నేనూ పోయి ఉన్నాను. పక్కింట్లో నా ఈడు ఆడమనిషి ఒకామె ఉండేది. వెళ్లిన కొత్తలో గారెలు చేసి, వేడి మీదే పట్టుకుపోయి ఆమె తలుపు కొట్టాను. సగం తలుపు తీసింది. నవ్వింది. లోపలికి పోయి ఒక డైరీ తెచ్చి, గురువారం మీద వేలు పెట్టి చూపించింది. గారెలు తీసుకుని తలుపు వేసుకుంది. గురువారం పోతే కాఫీ ఇచ్చి, బిస్కట్ల డబ్బా తెరిచి నన్నొకటి తీసుకోనిచ్చి మూత పెట్టేసింది. నాకేమీ బాధ కాలేదు. ఒక బిస్కట్ చాలు, రెండోది దుబారా. భోజనం వేళ కాగానే ఆమె లేచి నిలబడింది, నేనూ లేచాను. ఈ పద్ధతిలో ఇంటి ఖర్చు అదుపులో ఉంటుందనుకున్నాను కూడా.

నన్ను ఆశ్చర్యపరిచినవి కిటికీలు. అంతంత పెద్ద అద్దాలు, తెరలుండవు. రోడ్డున పోతుంటే వాళ్లు తినేది, చదివేది, కుక్కను దువ్వేది అన్నీ కనబడతాయి. ఎంత చూసినా ఎవరూ ఏమనరు. లోపలికి మాత్రం ఊరికే పోరాదు. ఆ ఊరికి అది సరిపోయింది. వాళ్లకు గురువారం అంటే గురువారం ఉంటుంది. ఆ రోజు తలుపు పూర్తిగా తీస్తారు.

మాకు గురువారం అంటూ లేదు. మా వదినె, అంటే నా భర్త అక్క, ఎప్పుడూ చెప్పి రాలేదు. బస్సు దిగి, ఆటో ఎక్కి, దాని కిరాయికి గొడవపడి, ఆ కోపంతోనే ఇంట్లోకి వచ్చేది. నేరుగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసేది. "గిది పప్పా, కుడితా? ఎవలకు దాస్తున్నవ్ పిల్లా పప్పంత?" అనేది. నా పిసినారితనాన్ని మొహం మీద అన్నది ఆమె ఒక్కతే. నా భర్త పోయాక పని లేకుండా నా దగ్గరికి వచ్చే మనిషి ఇంకొకరు మిగలలేదు. కూతురి కొలువు కూతురిది, మనవరాలి చదువు మనవరాలిది. వదినె రాకపోతే నేను రోజంతా ఎవరితోనూ పోట్లాడను, నవ్వను.

గొడవ చల్లారాక కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది. "అత్తమ్మ పేరు ఫోన్ల పెట్టేస్త అమ్మా. ఇగ ఎప్పుడొచ్చినా అడగకుండనే పంపుతరు," అంది. పెట్టమన్నాను. సర్వపిండి పెనం మీద వేడి చేసి మనవరాలితో కలిసి ముగ్గురం తిన్నాం. కూతురు బాగుందంది. నేను ఫోను చేస్తూనే ఉన్నాను, వదినె ఎత్తలేదు.

తెల్లవారి ఆమే చేసింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బతిమాలేదాన్ని.

"పోరి తెల్వక చేసింది వదినె. నువ్వు రా. నేనే కిందికొచ్చి గేటు కాడ నిలబడ్త," అన్నాను.

"పోరినేమనకు. దాని పని దానిది. నాకే కాళ్లు నొస్తున్నయి పిల్లా, ఇగ అంత దూరం నాతోని కాదు. నువ్వే రా ఎప్పుడన్న. వచ్చే ముందు ఒక ఫోన్ చెయ్యి. కోడలికి చెప్పి పెడ్త."

సరేనన్నాను. కూతురు గది తలుపు వేసుకుని మీటింగులో కూర్చుంది. నేను డబ్బా కడిగి బోర్లించి, పప్పు పొయ్యి మీద పెట్టాను.